ఆగిన ట్రాక్టర్ ఎందుకు ఆగిందో తెలుసుకొనే హక్కు ఎవరిది?

కాలువకు నీళ్ళొచ్చి, నారు చేతికొచ్చి, కూలీలను మాట్లాడుకొని, తెల్లారితే నాట్లు అనుకొన్న పూట దమ్ములో ట్రాక్టర్ ఆగిపోతే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సెల్ఫు కొడితే గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. లేదా సెల్ఫే తిరగదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన అప్పటికే మరో బండి కింద దూరి ఉంటాడు. సీజనులో ఊరి బండ్లన్నీ ఒకేసారి పనిలోకి దిగుతాయి, ఒకేసారి చెడతాయి. కాలువ వంతు మన కోసం ఆగదు. 25 రోజుల నారు మరో పది రోజులు మడిలోనే ఉంటే ముదిరిపోయి పిలకలు తగ్గుతాయి. కిరాయికి వేరే బండి తెచ్చుకుందామంటే ఆ వారంలో వాళ్ళు చెప్పిందే రేటు. ఇక కిరాయిలకు తోలుకొని బతికే సన్నకారు రైతుకైతే ఆ వారం ఆదాయం పోయినట్టే. ఫైనాన్సు వాయిదా మాత్రం తేదీ తప్పదు.

ఇంత నష్టం జరుగుతున్నా ఆగిన బండి గురించి మన సమావేశాల్లో మాట్లాడుకోవడం అరుదు. విత్తనం, యూరియా, మద్దతు ధర, పంటల బీమా మాట్లాడుతాం. మాట్లాడాల్సిందే. ట్రాక్టర్ రిపేరును మాత్రం ఎవరింటి గొడవ వాళ్ళదే అన్నట్టు వదిలేశాం. నా అభిప్రాయం ఏమిటంటే, బండి ఎందుకు ఆగిందో కనుక్కొనే పని రైతు చేతిలోంచి జారిపోతోంది. అందులో సగం మనమే వదులుకొన్నాం. మిగతా సగాన్ని కంపెనీలు తీసేసుకుంటున్నాయి. వదులుకొన్న సగం నేర్చుకొని దక్కించుకోవచ్చు. తీసేసుకొన్న సగాన్ని మాత్రం సంఘంగా అడగాలి.

ముందు మనం వదులుకొన్నదాని సంగతి. బండి ఆగితే చాలా చోట్ల జరుగుతున్నది కారణం వెతకడం కాదు, పార్టులు మార్చడం. మొదటి రోజు ఫిల్టర్లు మారుస్తారు. రెండో రోజు ఫీడ్ పంపు. ఆ తర్వాత నాజిళ్ళు విప్పి పట్నానికి పంపుతారు. చివరకు డీజిల్ పంపే విప్పుతారు. ఇన్ని అయ్యాక, ట్యాంకు మూతకున్న సన్న రంధ్రం మట్టితో మూసుకుపోయిందని తేలిన సందర్భాలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. మంచిదే, రైతు సంఘాలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదే. కానీ అక్కర్లేని పార్టు ఎంత చౌకగా వస్తే మాత్రం మనకేం లాభం?

డీజిల్ ఇంజనుకు పెట్రోలు కారులా స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మితే అంటుకుంటుంది. కాబట్టి ఇంజను అందుకోవాలంటే సరిపడా వేగంతో తిప్పే సెల్ఫు కావాలి, శుభ్రమైన గాలి కావాలి, గాలి బుడగలు లేని డీజిల్ కావాలి, లోపల నొక్కుడు, అంటే కంప్రెషన్, ఉండాలి. అప్పటిదాకా బాగా నడిచిన బండిలో కంప్రెషన్ ఒక్కసారిగా పోవడం అరుదు. నూనె అయిపోయి, బాగా వేడెక్కి, చప్పుడు చేసి ఆగితే అది వేరే కథ. అలా కానప్పుడు వెతకాల్సింది ఇంజను బయటే. మొదటి రోజే ‘ఇంజను విప్పాల్సిందే’ అని ఎవరన్నా అంటే, ఎందుకని గట్టిగా అడగండి.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ‘ఎలా ఆగింది?’ దీనికి జవాబు ఏ మెకానిక్‌కూ తెలియదు. సీటు మీద కూర్చున్నవాడికే తెలుసు. దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగిందా? అయితే కరెంటు వైపు చూడాలి. డీజిల్‌ను ఆపే సొలినాయిడ్ ఉన్న బండ్లలో దాని వైరు ఊడినా, ఫ్యూజు పోయినా ఇంజను ఠక్కున ఆగుతుంది. తీగ లాగి ఆపే పాత బండ్లలో ఆ తీగ తుప్పు పట్టి వెనక్కు రాకపోతే, మొన్న మీరు ఆపిన చోటే బండి ‘ఆగి’ ఉంటుంది. ఇక, గొంతు పట్టినట్టు ఎగసి తగ్గుతూ, లాగుడు తగ్గి, మెల్లగా ప్రాణం పోయినట్టు ఆగిందా? అయితే డీజిల్ సరిగా అందలేదు, లేదా డీజిల్‌లో గాలి చేరింది. నల్లగా పొగ కక్కుతూ బరువుకు కుంగి ఆగితే ఎయిర్ క్లీనరు చూడండి. వడ్ల నూర్పిళ్ళప్పుడు, ఎండాకాలం పొడి దుక్కుల్లో అది ఎంత త్వరగా పూడుకుపోతుందో తెలిసిందే. రేడియేటరు జాలీలో పొట్టు చేరి ముల్లు ఎర్రగీత దాటిందా అన్నది కూడా అప్పుడే చూడాలి. వేడి మీద మాత్రం రేడియేటరు మూత తిప్పొద్దు.

రెండోది, సెల్ఫు కొడితే ఏం వినిపిస్తోంది? టక్ అని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే, లేదా టకటకా కొట్టుకుంటే, బ్యాటరీలో బలం లేదు, లేదా బలం ఉన్నా దారిలో పోతోంది. టెర్మినళ్ళకు సున్నం పట్టినట్టు తెల్లగా, పచ్చగా పేరుకొన్నది కరెంటును ఆపేస్తుంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గీకి, బిగిస్తే చాలాసార్లు కొత్త బ్యాటరీ ఖర్చు తప్పుతుంది. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు. ఇంజనుకూ ఛాసిస్‌కూ కలిపే ఎర్త్ పట్టీ వైపు ఎవరూ చూడరు. దమ్ము బురదలో తుప్పు పట్టేది అదే. కొన్ని వందల రూపాయలకు దొరికే వోల్టు మీటరు ప్రతి బండి టూల్ బాక్సులో ఉండాలని నా గట్టి నమ్మకం. బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే ఇంచుమించు సగమే. సెల్ఫు కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే అది తోసే శక్తి లేని బ్యాటరీ. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దరిదాపుల్లో లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఛార్జింగు వైపుది. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదే గతి పడుతుంది.

సెల్ఫు అసలు చప్పుడే చేయకపోతే, క్లచ్ పూర్తిగా తొక్కారా, గేరు న్యూట్రల్‌లో ఉందా, పీటీవో లివరు వదిలి ఉందా చూడండి. ఇవి సరిగా లేకపోతే సెల్ఫు తిరగకుండా కంపెనీలు సేఫ్టీ స్విచ్చి పెడతాయి. ఇక్కడ ఒక మాట కఠినంగా చెప్పాలి. స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి సెల్ఫు సొలినాయిడ్‌ను కలిపి కిందనుంచే స్టార్ట్ చేయడం మన ఊళ్ళలో గొప్ప పనితనంగా చలామణీ అవుతోంది. బండి గేరులో ఉంటే సెల్ఫు తిరగ్గానే ముందుకు దూకుతుంది. స్క్రూడ్రైవరు పట్టుకొన్నవాడు ఉండేది సరిగ్గా వెనక చక్రం ముందే. ఆ స్విచ్చి పెట్టింది అందుకే. అది చెడితే బాగుచేయించాలి తప్ప దాటిపోకూడదు.

సెల్ఫు బాగానే తిరిగి ఇంజను అందుకోకపోతే మూడో సాక్షి పొగ. సెల్ఫు కొడుతున్నంతసేపు సైలెన్సరు వైపు ఒకరు చూడాలి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండరు దాకా వెళ్తోంది, మండడం లేదు. తిప్పుడు వేగం చాలట్లేదేమో, డీజిల్‌లో నీళ్ళున్నాయేమో చూడాలి. అసలు పొగే లేకపోతే డీజిల్ అక్కడిదాకా చేరడమే లేదు. ఈ ఒక్క గమనింపుతో సగం పార్టులు అనుమానం నుంచి బయటపడతాయి.

డీజిల్ చేరకపోతే ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ముందుకు నడవాలి, పంపు దగ్గర మొదలుపెట్టి వెనక్కు కాదు. మూత తీయండి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకొన్న చప్పుడొస్తే దొంగ అక్కడే దొరికాడు. డీజిల్ బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. మూత రంధ్రం పూడితే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి డీజిల్‌ను వెనక్కు పట్టి ఉంచుతుంది. ఇలాంటి బండి గంటో రెండు గంటలో నడిచి ఆగుతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్ట్ అవుతుంది, మళ్ళీ ఆగుతుంది. మెకానిక్ వచ్చేసరికి బాగానే ఉంటుంది. రైతు అబద్ధం చెప్పినట్టవుతుంది!

ఆ తర్వాత ఫిల్టరు కింద గిన్నె. దాని మర వదిలి గాజు సీసాలోకి కాస్త డీజిల్ పట్టి పది నిమిషాలు ఎండలో పెట్టండి. నీళ్ళుంటే అడుగున వేరుగా తేలిపోతాయి. మనం బంకు నుంచి క్యాన్లలో, డ్రమ్ముల్లో తెచ్చి, వాననీ మంచునీ చూడకుండా చేలో పెడతాం. పైగా సగం ఖాళీ ట్యాంకుతో రాత్రి వదిలేస్తే లోపలి గాలిలోని చెమ్మ నీరవుతుంది. పని దిగాక పొద్దుపోయే ముందే ట్యాంకు నింపి పెట్టే అలవాటు పాత డ్రైవర్లకు ఉండేది. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు.

గాలి చేరడం దీనికంటే మాయదారి జబ్బు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపును పంపు పీలుస్తుంటుంది. అక్కడ పైపు పగిలినా, క్లిప్పు వదులైనా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే పైకి అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఫిల్టరు పైనున్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు పోయి నిండు ధార వచ్చాక బిగించాలి. తర్వాత డీజిల్ పంపు స్క్రూ దగ్గర ఇదే పని. రోజూ ఎయిర్ తీస్తేనే నడుస్తోందంటే గాలి రోజూ ఎక్కడినుంచో వస్తున్నట్టు. ఎయిర్ తీయడం మందు, పైపు మార్చడం వైద్యం. ఇరవై రూపాయల రబ్బరు వాషరు, ఒక జత క్లిప్పులు వేయకుండా నెలల తరబడి ఎయిర్ తీసుకుంటూ తిరిగేవాళ్ళున్నారు.

చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి, పని మధ్యలో ఆపితే మళ్ళీ అందుకోని బండ్ల సంగతీ చూడాలి. పాత బండ్లలో దీనికి ఎక్కువగా అరిగిన డీజిల్ పంపు కారణం. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. సెల్ఫు తిప్పే తక్కువ వేగంలో నాజిల్ తెరిచే ఒత్తిడి రాదు. పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు చల్లారనిచ్చాక స్టార్టయితే అనుమానం గట్టిపడినట్టే. చన్నీళ్ళు కుమ్మరించొద్దు. కొత్త బండ్లలో, కార్లలో, జీపుల్లో అయితే ఇదే లక్షణానికి ఇంజను తిరిగే వేగాన్ని చెప్పే క్రాంక్ సెన్సరు కారణం కావచ్చు. వేడెక్కితే అది పలకడం మానేస్తుంది, చల్లారితే పలుకుతుంది. అంటే, లక్షణం ఒక్కటే అయినా పాత బండిలో, కొత్త బండిలో రోగం ఒక్కటి కాదు. ఊహతో పార్టు మార్చడం ఎంత ఖర్చో ఇక్కడే తెలుస్తుంది.

చేయకూడని పనులు రెండున్నాయి. ఎయిర్ క్లీనరు దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టి స్టార్ట్ చేయించడం ఒకటి. అదుపు లేకుండా మండి పిస్టన్లను, కడ్డీలను దెబ్బతీస్తుంది, మనిషి ముఖమూ కాలుస్తుంది. బండి కాలువలోనో లోతు మడిలోనో దిగబడి గాలి పీల్చే గొట్టం నీటిలో మునిగితే, సెల్ఫు అసలు ముట్టుకోకపోవడం రెండోది. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండరులో నీరుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అలాంటి బండిని టోచన్ కట్టి లాగేటప్పుడు కూడా న్యూట్రల్‌లోనే లాగాలి.

ఇదంతా చెప్పింది ప్రతి రైతూ మెకానిక్ కావాలని కాదు. మెకానిక్ మనకు శత్రువు కాదు. మనూరి షెడ్డు కుర్రవాళ్ళు మన పిల్లలే. ఎలా ఆగింది, సెల్ఫు ఎలా తిరిగింది, పొగ వచ్చిందా, చల్లారాక అందుకొందా అనే నాలుగు ముక్కలు చెప్పగలిగితే ఫోన్లోనే సగం పని అవుతుంది. అతను ఏ సామాను తెచ్చుకోవాలో తెలుసుకొని ఒక్కసారే వస్తాడు. బండి తోలే కూలీని సాక్షిగా పక్కన కూర్చోబెట్టి అడగాలి. ‘వాడికేం తెలుసు’ అని యజమాని తానే కథ చెప్పే ఇళ్ళలో రిపేరు బిల్లు ఎక్కువవుతుంది.

ఇక మన చేతిలోంచి తీసేసుకుంటున్న సగం. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్.పి. దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే పొగ నిబంధనలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి కంపెనీలు పాత డీజిల్ పంపు స్థానంలో కామన్ రైలు పద్ధతి తెచ్చాయి. ఎంత డీజిల్, ఏ క్షణంలో చిమ్మాలన్నది ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. మన దేశంలో అమ్మే బండ్లలో ఎక్కువ భాగం 50 హెచ్.పి. లోపువే కాబట్టి ఇంకా చాలామందికి ఈ బాధ తగల్లేదు. చిన్న బండ్లకు వచ్చే తర్వాతి దశ నిబంధనలు వాయిదాలు పడుతున్నాయి తప్ప పోలేదు. పొగ తగ్గడం మనకూ మంచిదే, రోజంతా ఆ పొగ పీల్చేది మనమే. నా తగాదా నిబంధనలతో కాదు.

ఈ కొత్త బండ్ల దగ్గర ఒక జాగ్రత్త. పాత బండికి నాజిల్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫు కొట్టి ఎయిర్ తీసేవాళ్ళం. కామన్ రైలు బండికి ఆ పని ఎన్నడూ చేయొద్దు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటి ఉంటుంది. సూదిలా చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది.

మా పక్క ఊళ్ళో ఒక రైతు కొత్త బండి దమ్ము మధ్యలో ఠక్కున ఆగింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. ఫ్యూజులు చూశారు, బ్యాటరీ చూశారు, డీజిల్ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఊరి మెకానిక్ చేతులెత్తేశాడు, అతని తప్పేమీ లేదు. షోరూము మనిషి మూడో రోజు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. తీగ తగిలించిన అయిదు నిమిషాల్లో ఏ సెన్సరు పలకడం లేదో తెర మీద కనిపించింది. ఎలుక వైరు కొరికింది. అతుకు వేసి టేపు చుట్టారు, బండి స్టార్టయింది. బిల్లులో వైరు ఖర్చు కంటే ‘స్కానింగు’, రాకపోకల ఖర్చే ఎక్కువ. మూడు రోజులు పోయింది వైరు తెగినందుకు కాదు. తెగిందని బండికి తెలుసు, ఆ సంగతి బండి కొన్నవాడికి చెప్పదు.

ఇది తప్పనిసరేమీ కాదు. కార్లకు అందరికీ ఒకే రకం సాకెట్టు, ఉమ్మడి కోడ్లు ఉన్నాయి. బజారులో దొరికే చిన్న స్కానరు తగిలిస్తే ‘పీ 0335’ అని వస్తుంది. అది ఏ కంపెనీ కారైనా క్రాంక్ సెన్సరు సర్క్యూటులో లోపమనే అర్థం. ఆగి స్టార్ట్ కాని కారును ఏ వీధి మెకానిక్ అయినా ఈ దారిలో పట్టుకోగలుగుతున్నాడు. ట్రాక్టర్‌కు వచ్చేసరికి పరికరం కంపెనీది, సాఫ్ట్‌వేరు కంపెనీది, పాస్‌వర్డు డీలరుది. లక్షలు పోసి కొన్నవాడికి మిగిలింది పసుపు దీపం.

ఈ పోరాటం అమెరికా రైతులు మనకంటే ముందు మొదలుపెట్టారు. వాళ్ళ అనుభవంలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ అక్కడి పెద్ద రైతు సంస్థ అమెరికన్ ఫార్మ్ బ్యూరో ఫెడరేషన్‌తో ఒప్పంద పత్రం రాసుకొంది. రిపేరు పరికరాలు, సమాచారం రైతులకు, బయటి మెకానిక్కులకు ఇస్తామంది. బదులుగా రిపేరు హక్కు చట్టాలను బలపరచబోమని ఫెడరేషన్ ఒప్పుకొంది. కంపెనీ మాట మీద చట్టాన్ని వదులుకోవడమన్నమాట. కొలరాడో రాష్ట్రం అలా ఆగలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రెండు రాష్ట్రాలతో కలిసి, పూర్తిస్థాయి రిపేరు సాఫ్ట్‌వేరును డీలర్లకే పరిమితం చేస్తున్నారంటూ జాన్ డీర్ మీద కేసు వేసింది. ఒప్పంద పత్రంతోనే సమస్య తీరి ఉంటే రెండేళ్ళ తర్వాత ప్రభుత్వం కోర్టుకెక్కాల్సిన పని ఉండేది కాదు.

మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. మిగతావి సెల్‌ఫోన్లు, ఇంట్లో వాడే ఎలక్ట్రిక్ వస్తువులు, వాహనాలు. ఆ ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించారు. కంపెనీలు మాన్యువళ్ళు, సర్వీసు కేంద్రాల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. పెట్టకపోతే శిక్షించే చట్టం కాదది. రైతు దగ్గరకు చేరాల్సింది సర్వీసు సెంటరు ఫోన్ నంబరు ఒక్కటేనా? కోడు, దాని అర్థం కూడా చేరాలి కదా.

కంపెనీల వాదననూ పక్కన పెట్టేయలేం. సాఫ్ట్‌వేరు తెరిచి ఇస్తే కొందరు హెచ్.పి. పెంచుకుంటారు, పొగ నియంత్రణ తీసేస్తారు, బ్రేకుల భద్రత చెడగొడతారు అంటారు. కొందరు చేస్తారు కూడా, కాదనలేం. కానీ చదవడం వేరు, మార్చడం వేరు. బండిలో ఏ లోపం నమోదయిందో చదవడానికి ప్రోగ్రాము మార్చనక్కర్లేదు. మనం మొదట అడగాల్సింది చదివే హక్కే. దీపం వెలిగినప్పుడు కోడు డాష్‌బోర్డు మీదే కనిపించాలి. ఆ కోడ్ల జాబితా, వాటి అర్థం, మొదట చూడాల్సిన చోటు తెలుగులో పుస్తకంగా బండితోపాటు ఇవ్వాలి. మార్చిన సెన్సరును బండికి పరిచయం చేసే పనికి డీలరు తప్ప గతి లేదనే షరతు పోవాలి. వారంటీ విషయంలో, ఫిల్టరు మార్చుకొన్నా, వైరు అతికించుకొన్నా మొత్తం వారంటీ పోతుందని భయపెట్టడం ఆగాలి.

ఈలోగా ఉన్న చట్టాన్నయినా వాడుకోవాలి. రైతు వినియోగదారుడు కాడనే వాదన చెల్లదు. ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసుల్లో 2012లో సుప్రీంకోర్టు రైతులు వినియోగదారుల చట్టం కిందికి వస్తారని తేల్చింది. సొంతంగా పనిచేసుకొని బతకడానికి కొన్న బండి వ్యాపారం కోసం కొన్నట్టు కాదని 2019 చట్టమే చెబుతోంది. 50 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపు అయితే ఫీజే లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. వీటన్నిటికీ కాగితం కావాలి. షోరూములో బండి వదిలేటప్పుడు జాబ్ కార్డు తీసుకోండి. అందులో ‘చెక్ చేయాలి’ అని కాక, మీరు చెప్పిన లక్షణం మీ మాటల్లో రాయించండి. స్కాన్ చేస్తే వచ్చిన కోడు బిల్లు మీద రాసి ఇవ్వమనండి. మార్చిన పాత పార్టు వెనక్కు అడగండి. అడిగేవాడి బండికి ఊహతో పార్టులు మార్చరు.

మన సంఘం చేయగల పని కూడా ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ల నడక, నిర్వహణ, రిపేరులో శిక్షణ ఇస్తారు. మండలానికి ఇద్దరు కుర్రవాళ్ళను, అందులో ఒకరైనా షెడ్డులో పనిచేసేవాళ్ళను, సంఘం తరఫున పంపే ప్రయత్నం చేయాలి. యంత్రాలు కిరాయికిచ్చే రైతు గ్రూపుల దగ్గర బండికో నోటు పుస్తకం పెట్టించాలి. ఏ తేదీన ఎన్ని గంటల మీద ఎలా ఆగింది, ఏం చేస్తే నడిచింది అన్న నాలుగు ముక్కలు అందులో చాలు. ఒకే కంపెనీ, ఒకే మోడలు బండ్లు నాలుగు మండలాల్లో ఒకే చోట ఆగుతుంటే అది ఒక్కో రైతు ఖర్మగా మిగలదు. తయారీ లోపమని కంపెనీని నిలదీయడానికి ఆధారం అవుతుంది.

వచ్చే నెల మండల సమావేశాలకు వచ్చేటప్పుడు గత రెండేళ్ళ రిపేరు బిల్లులు, జాబ్ కార్డులు ఉన్నవాళ్ళు జిరాక్సులు తీసుకురండి. 50 హెచ్.పి. పైబడిన కొత్త బండ్ల వాళ్ళు తప్పనిసరిగా తేవాలి. బిల్లు లేనివాళ్ళు బండి ఆగిన తేదీ, ఎన్ని రోజులు నిలిచింది, చివరకు దొరికిన కారణం ఒక కాగితం మీద రాసి ఇస్తే చాలు. జిల్లా కమిటీ వాటిని మోడళ్ళవారీగా కూర్చి, వినతి పత్రంతోపాటు వ్యవసాయ శాఖ అధికారులకు అందజేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను.